బొమ్మ రాని టీవీ గేమ్: లోపం ఎక్కడుందో తెరే చెబుతుంది

ఈ ప్రసంగంలో ఒక చిన్న మరమ్మతు పనిని ఆసరాగా తీసుకుని టెలివిజన్ సంకేతం గురించి కొంత తెలుసుకుందాం. పాత వీడియో గేమ్ యంత్రం ఒకటి ఉంది. ఇప్పటి టీవీకి కలపడం కోసం దాని లోపల కొద్దిపాటి మార్పు చేశారు. మూత బిగించి స్విచ్ వేశారు. బొమ్మ రాలేదు. లేదా వచ్చింది గాని రంగు లేదు, నిలకడ లేదు. అప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి? దేన్ని అనుమానించాలి? అంతకన్నా ముఖ్యంగా, దేన్ని చివరిదాకా అనుమానించకూడదు?

ఈ ప్రశ్న నా దగ్గరికి ఒక సంక్రాంతి సెలవుల్లో వచ్చింది. నా దగ్గర భౌతికశాస్త్రం చదువుకున్న కుర్రాడొకడు ఇప్పుడు జపానులో, యోకోహామాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి పాత సామాన్ల దుకాణంలో ఒక ఫామికామ్ యంత్రం కొని, తానే మార్పు చేసి, గుంటూరు తెచ్చుకున్నాడు. టీవీలో నీలం తెర తప్ప ఏమీ లేదు. "చిప్ పోయినట్టుంది మాస్టారూ. ఇంకొకటి కొని, దాని చిప్ పీకి ఇందులో పెట్టేస్తాను" అన్నాడు. "ఆగవయ్యా, చిప్ పోయిందని నీకెవరు చెప్పారు?" అన్నాను. ఎవరూ చెప్పలేదు. బొమ్మ రాలేదు కాబట్టి బొమ్మ గీసే చిప్ పోయిందనుకున్నాడు.

ఈ అనుమానం ఖరీదైనది. ఫామికామ్‌ను నింటెండో సంస్థ 1983 జూలై 15న జపానులో విడుదల చేసింది. 2003లో తయారీ ఆపేసింది. అందులో బొమ్మను తయారుచేసే 2సీ02 అనే 40 కాళ్ల చిప్ ఇప్పుడు కొత్తది దొరకదు. ఇంకో యంత్రాన్ని విప్పితేనే వస్తుంది. అంటే ఒక యంత్రాన్ని బతికించడానికి మరొకదాన్ని బలిపెట్టాలి. పైగా నలభై ఏళ్లనాటి బోర్డు మీద 40 కాళ్లకు టంకం కరిగించి చిప్‌ను ఊడదీస్తుంటే, బోర్డు మీది సన్నని రాగి పట్టీలు కూడా దానితో లేచి వచ్చేస్తాయి. బాగున్న చిప్‌ను పోయిందనుకుని పీకితే, పీకడంలోనే అది నిజంగా పోవచ్చు.

మన దేశంలో 1990లలో పెరిగిన వాళ్లకు ఫామికామ్ పేరు తెలియకపోయినా దాని ముఖం తెలుసు. "టీవీ గేమ్" అని బజారులో అమ్మిన యంత్రాల్లో చాలా భాగం దానికి నకళ్లే. క్యాసెట్ పెట్టడం, బొమ్మ రాకపోతే తీసి "ఉఫ్" అని ఊది మళ్లీ పెట్టడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఊదడం మంచిది కాదు. నోటి తేమ లోహపు పట్టీల మీద చేరి తుప్పుకు దారి తీస్తుంది. ఊదితే పనిచేసిందనుకుంటాం గాని, పనిచేయించింది క్యాసెట్‌ను తీసి మళ్లీ పెట్టడమే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవడం సరైన పద్ధతి.

సరే, ఇంతకీ మార్పు ఎందుకు చేయవలసి వచ్చింది? మొదటి ఫామికామ్‌లో బొమ్మ బయటికి రావడానికి ఒకే దారి ఉంది. అది ఒక చిన్న టీవీ స్టేషన్‌లా పనిచేస్తుంది. బొమ్మను, ధ్వనిని రేడియో పౌనఃపున్యం మీద ఎక్కించి యాంటెన్నా తీగ ద్వారా టీవీకి పంపుతుంది. జపానులో అందుకు వాడిన ఛానళ్లు 1, 2. వాటి బొమ్మ తరంగాలు 91.25, 97.25 మెగాహెర్ట్జ్‌లు. మన దేశంలో ఆ చోట ఎఫ్‌ఎం రేడియో ఉంటుంది. మన టీవీ ఛానళ్లను అక్కడ పెట్టలేదు. ఒకవేళ ఏదో పాత టీవీలో మీట తిప్పి తిప్పి బొమ్మ పట్టుకున్నా, ధ్వని రాదు. ఎందుకంటే జపాను పద్ధతిలో ధ్వని తరంగం బొమ్మ తరంగానికి 4.5 మెగాహెర్ట్జ్ ఎడంగా ఉంటుంది, మన పద్ధతిలో 5.5 ఎడంగా. ఇక జపానులోనే 2011, 2012 సంవత్సరాల్లో పాత అనలాగ్ ప్రసారాలు నిలిచిపోయాయి. అందుచేత అక్కడి కొత్త టీవీలకూ ఆ దారి మూసుకుపోయింది.

కాబట్టి రేడియో పెట్టెను పక్కకు తప్పించి, చిప్ తయారుచేసిన బొమ్మ సంకేతాన్ని నేరుగా పసుపురంగు ఏవీ సాకెట్‌కు తెచ్చుకుంటారు. దీన్నే ఏవీ మార్పు అంటారు. పని చిన్నదే. చిప్‌లో 21వ కాలు బొమ్మ సంకేతం వచ్చే కాలు. దాన్ని బోర్డు నుంచి వేరుచేసి, ఒక ట్రాన్సిస్టర్, రెండు మూడు నిరోధాలు, ఒక కెపాసిటర్ గుండా బయటికి తేవడం. 1993 డిసెంబరులో నింటెండో విడుదల చేసిన రెండో నమూనాలో ఈ ఏర్పాటు కంపెనీయే చేసి ఇచ్చింది.

ఇక్కడ కాస్త ఆగి, ఆ పసుపు తీగలో ఏం ప్రవహిస్తుందో చూద్దాం. ఇది తెలియకపోతే మరమ్మతు గుడ్డివాడి బాణమే అవుతుంది.

టీవీ బొమ్మ ఒక్కసారిగా రాదు. రైతు పొలం దున్నినట్టు ఒక్కొక్క చాలుగా వస్తుంది. జపాను పద్ధతిలో ఒక్కో చాలుకు సుమారు 63.5 మైక్రోసెకన్లు పడుతుంది. అంటే సెకనుకు దాదాపు 15,734 చాళ్లు. ప్రతి చాలు మొదట్లో వోల్టేజి ఒక్కసారి కిందికి పడుతుంది. అది "కొత్త చాలు మొదలుపెట్టు" అని టీవీకి ఇచ్చే ఆజ్ఞ. దీన్ని సింక్ అంటాం. బొమ్మ మొత్తం పూర్తయ్యాక మళ్లీ పైనుంచి మొదలుపెట్టమని చెప్పే సింక్ వేరే ఉంది. చాలు సింక్ తర్వాత సెకనులో సుమారు నాలుగు లక్షల వంతు కాలంపాటు ఒక సన్నని అల వస్తుంది. ఇది రంగుకు తాళం. జపాను, అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో దీని పౌనఃపున్యం 3.58 మెగాహెర్ట్జ్. మన దేశంలో 1982లో రంగుల ప్రసారం మొదలైనప్పుడు తీసుకున్న పాల్ పద్ధతిలో 4.43. ఈ అలతో పోల్చి చూసుకునే టీవీ ఏది ఎరుపో, ఏది నీలమో నిర్ణయిస్తుంది. ఆ తర్వాతే అసలు బొమ్మ. వోల్టేజి పెరిగితే వెలుగు, తగ్గితే చీకటి.

ఇదంతా ఒకే తీగలో, మొత్తం ఒక వోల్టు ఎత్తులో ఇమడాలి. అందులో సుమారు 0.3 వోల్టు సింక్‌ది, మిగిలిన 0.7 బొమ్మది. టీవీ లోపల ఈ తీగకు 75 ఓముల నిరోధం ఎదురుచూస్తుంటుంది.

ఇప్పుడు తెరను చదవడం సులువవుతుంది. సింక్ దెబ్బతింటే బొమ్మ నిలవదు, పైకో కిందికో పరుగెడుతుంది, లేదా పక్కకు చీలిపోతుంది. రంగు తాళం దెబ్బతింటే బొమ్మ నిలుస్తుంది గాని నలుపు తెలుపుల్లో ఉంటుంది. ఎత్తు తగ్గితే బొమ్మ మసకబారుతుంది, మరీ తగ్గితే సింక్ కూడా టీవీకి అందదు. ఎత్తు పెరిగితే తెల్లని చోట్లు కరిగి పారినట్టు కనిపిస్తాయి. నిలువు చారలు వస్తుంటే సంకేతం బాగానే ఉంది, దానిలోకి పక్కింటి గోల వినబడుతోంది.

మరి నీలం తెర? ఇది అందరినీ తప్పుదారి పట్టిస్తుంది. ఇప్పటి టీవీల్లో చాలా మటుకు, సింక్ తమకు నచ్చినట్టు లేకపోతే ఏమీ చూపించవు. "సిగ్నల్ లేదు" అని రాసేస్తాయి. లోపల సంకేతం ముక్కలై వస్తున్నా, అసలు రాకపోయినా అదే మాట. పాత పిక్చర్ ట్యూబు టీవీ అలా కాదు, దానికి అందింది అందినట్టు చూపిస్తుంది. ఈ పనికి దాన్ని మించిన పరికరం మామూలు ఇంట్లో లేదు. మీ ఇంట్లో గాని చుట్టాల ఇంట్లో గాని అటకమీద ఒకటుంటే దింపండి. అయితే దాని వెనక మూత మాత్రం విప్పవద్దు. లోపల వేల వోల్టులుంటాయి, ప్లగ్ తీసేశాక కూడా కొంతసేపు నిలిచి ఉండవచ్చు.

మా కుర్రాడి యంత్రాన్ని అలాంటి టీవీకే కలిపాం. నీలం తెర బదులు నల్లని తెర, అందులో పొగలాంటి నీడలు పైకి దొర్లుకుంటూ పోతున్నాయి. స్టార్ట్ మీట నొక్కితే ఆట సంగీతం స్పష్టంగా వినబడింది. ఆ సంగీతం చాలా చెప్పింది. ఆట నడుస్తోంది, క్యాసెట్ బాగుంది, ప్రధాన ప్రాసెసర్ బాగుంది, కరెంటు అందుతోంది. దొర్లే నీడలు ఇంకా పెద్ద మాట చెప్పాయి. బొమ్మ చిప్ ఏదో గీస్తూనే ఉంది. అది బయటికి వచ్చే దారిలో నలిగిపోతోంది.

దీనికి తిరగబడ్డ సందర్భం కూడా ఒకటుంది. కొన్నిసార్లు తెరంతా ఒకే బూడిదరంగుతో, కదలకుండా, ప్రశాంతంగా నిలబడుతుంది. చాలామంది అది చూసి "నా మార్పు పాడైంది" అని టంకం మళ్లీ కరిగిస్తారు. పొరపాటు. తెర అంత నిలకడగా ఉందంటే సింక్ అందుతోంది. చిప్, ట్రాన్సిస్టర్, కేబుల్ అన్నీ పనిచేస్తున్నాయి. తప్పు క్యాసెట్ పట్టీల దగ్గరుందని అనుమానించాలి. అమెరికాలో అమ్మిన ఎన్‌ఈఎస్ నమూనాలో తెర సెకనుకోసారి మిణుకుమిణుకుమంటే అది కూడా వీడియో లోపం కాదు. దొంగ క్యాసెట్లను ఆపడానికి పెట్టిన కాపలా చిప్, క్యాసెట్‌ను గుర్తించలేక యంత్రాన్ని పదేపదే మొదటికి తిప్పుతోందన్నమాట. ఫామికామ్‌లో ఆ కాపలా లేదు.

యంత్రం మూత తెరవడానికి ముందు రెండు పరీక్షలు చేయాలి. రెండూ తేలికైనవే గాని చాలామంది వదిలేస్తారు. మొదటిది, అదే కేబుల్‌ను, అదే సాకెట్‌ను వాడి ఒక డీవీడీ ప్లేయరో, సెట్‌టాప్ బాక్సో కలిపి చూడటం. వాటి బొమ్మ వస్తే టీవీ నిర్దోషి. ఇప్పటి టీవీల్లో ఒక మెలిక ఉంది. కొన్నింటిలో పసుపు సంకేతానికి వేరే రంధ్రం ఉండదు, కాంపోనెంట్ వీడియో పచ్చ రంధ్రంలోనే దాన్ని పెట్టాలి, మెనూలో ఏవీ అని ఎంచుకోవాలి. కాంపోనెంట్ అని ఉంటే రంగులేని బొమ్మ వస్తుంది. కొన్నింటిలో హెడ్‌ఫోన్ పిన్నులాంటి సన్నని రంధ్రం ఉంటుంది. దానికి మార్కెట్లో దొరికే తీగలు చూడటానికి ఒకేలా ఉంటాయి గాని లోపల వీడియో, ధ్వని, గ్రౌండ్ ఏ వలయానికి కలిపారన్నది ఒక్కో తయారీకి ఒక్కోలా ఉంటుంది. తీగ మార్చగానే జబ్బు నయమైన సందర్భాలు నేను చూశాను.

రెండో పరీక్ష కరెంటుది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ఎందుకంటే ఇక్కడి తప్పుకు యంత్రం ప్రాణమే పోతుంది. ఫామికామ్‌తో వచ్చిన అడాప్టర్ జపానులోని 100 వోల్టుల ఇంటి కరెంటుకు చేసింది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. అది బయటికిచ్చేది 10 వోల్టుల డీసీ. అందులోనూ పిన్ను మధ్యభాగం రుణధ్రువం, బయటి భాగం ధనధ్రువం. మన దగ్గర దొరికే అడాప్టర్లలో ఎక్కువ దీనికి వ్యతిరేకం. అమెరికా ఎన్‌ఈఎస్ అడాప్టర్ ఇంకా ప్రమాదకరం, అది 9 వోల్టుల ఏసీ ఇస్తుంది. ఎన్‌ఈఎస్ లోపల దాన్ని డీసీగా మార్చే డయోడ్లున్నాయి. ఫామికామ్‌లో లేవు. పేర్లు, ఆటలు ఒకటే కదా అని ఒకదాని అడాప్టర్ మరొకదానికి పెట్టకూడదు.

అడాప్టర్ సరైనదైతే, యంత్రం లోపల 7805 అనే మూడుకాళ్ల రెగ్యులేటర్ ఆ వోల్టేజిని 5కు దించుతుంది. మల్టీమీటర్‌తో అక్కడ చూడండి. 5 వోల్టులు, అటూ ఇటూగా ఒకటి రెండు పదుల వంతు లోపల ఉండాలి. రెగ్యులేటర్ వేడెక్కడం మామూలే. అయితే అడాప్టర్ బలహీనమై దాని వోల్టేజి 7 కన్నా దిగువకు జారిపోతుంటే, కరెంటు అలలు బొమ్మలోకి వచ్చేస్తాయి. ఇక్కడ ఒక తమాషా ఉంది. అమెరికా వాళ్లు రాసిన పుస్తకాలు చూస్తే, కరెంటు లోపానికి గుర్తు తెరమీద నెమ్మదిగా పాకే నల్లని పట్టీ అని ఉంటుంది. అక్కడ ఇంటి కరెంటు 60 హెర్ట్జ్, యంత్రం బొమ్మ మార్చేది సెకనుకు 60.1 సార్లు. రెంటికీ తేడా స్వల్పం గనుక పట్టీ నత్తనడక నడుస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. తేడా 10. అందుకే మన దగ్గర అదే లోపం పాకే పట్టీగా కనిపించదు, బొమ్మంతా సెకనుకు 10 సార్లో 20 సార్లో వణుకుతున్నట్టు కనిపిస్తుంది. జపానులో కూడా ఒసాకాలో 60 హెర్ట్జ్, టోక్యోలో 50. ఒకే యంత్రం, ఒకే జబ్బు, రెండు ఊళ్లలో రెండు లక్షణాలు.

మా యంత్రంలో 5 వోల్టులు నిక్కచ్చిగా ఉన్నాయి. ఇక మార్పు చేసిన చోటికి వద్దాం.

చిప్ 21వ కాలి నుంచి వచ్చే సంకేతం టీవీలోని 75 ఓముల భారాన్ని తానుగా మోయలేదు. బక్క మనిషి నెత్తిన బస్తా పెట్టినట్టు కుంగిపోతుంది. అందుకని మధ్యలో ఒక ట్రాన్సిస్టర్‌ను కూలీగా పెడతారు. ఇది పీఎన్‌పీ రకం, ఎమిటర్ ఫాలోయర్ అనే అమరిక. సంకేతం బేస్‌కు ఇస్తే ఎమిటర్ దాని వెంటే నడుస్తుంది, కాకపోతే 0.6 నుంచి 0.7 వోల్టు పైన ఉంటూ నడుస్తుంది. వోల్టేజి పెంచదు, మోసే బలాన్ని ఇస్తుంది. ఈ 0.6, 0.7 అనే అంకె మనకు దొరికిన గొప్ప ఆధారం. ఆసిలోస్కోప్ అక్కర్లేదు. మూడు నాలుగు వందల రూపాయల మల్టీమీటర్ ఎర్ర మొనను ఎమిటర్ మీద, నల్ల మొనను బేస్ మీద పెట్టండి. ఆ తేడా వస్తే ట్రాన్సిస్టర్ బతికుంది, సరిగ్గా కూర్చుంది.

మా కుర్రాడి యంత్రంలో చూస్తే 0.65 రావలసిన చోట 0.1 దగ్గర వచ్చింది. ఎమిటర్ దగ్గర వోల్టేజి సంకేతంతో సంబంధం లేనట్టు భూమికి 0.7 పైన కదలకుండా ఉంది. నేను ట్రాన్సిస్టర్ మీది అక్షరాలు భూతద్దంతో చూశాను. బీసీ557.

"పటంలో ఏముంది?" అని అడిగాను.

"2ఎస్ఏ1015. అది దొరకలేదు మాస్టారూ. దానికి బదులు ఇది సరిపోతుందన్నారు."

సరిపోతుంది, అబద్ధం కాదు. రెండూ పీఎన్‌పీలే, ఈ పనికి రెండూ చాలు. తేడా కాళ్ల వరసలో ఉంది. చదునైన ముఖం మనవైపు పెట్టి, కాళ్లు కిందికి ఉంచి ఎడమనుంచి చదివితే 2ఎస్ఏ1015లో వరస ఎమిటర్, కలెక్టర్, బేస్. బీసీ557లో కలెక్టర్, బేస్, ఎమిటర్. ఎమిటర్ చివర ఉందని కుర్రాడు గమనించాడు, గమనించి ట్రాన్సిస్టర్‌ను వెనక్కు తిప్పి పెట్టాడు. అప్పుడు వరస ఎమిటర్, బేస్, కలెక్టర్ అవుతుంది. ఎమిటర్ సరైన చోటికి వచ్చింది గాని మిగిలిన రెండూ తారుమారయ్యాయి. భూమికి పోవలసింది కలెక్టర్, పోయింది బేస్. బేస్ భూమికి అంటుకుపోతే ఎమిటర్ 0.7 దగ్గర కట్టుగొయ్యకు కట్టినట్టు నిలబడిపోతుంది, సంకేతం వెంట నడవదు. మల్టీమీటర్ చెప్పింది సరిగ్గా అదే. సగం జాగ్రత్త పడటం వల్ల వచ్చిన తప్పు ఇది. ఏమాత్రం పట్టించుకోని వాడికన్నా సగం పట్టించుకున్నవాడికి ఈ తప్పు దొరకడం కష్టం, ఎందుకంటే "కాళ్లు చూశాను" అన్న నమ్మకం ఉంటుంది. ఇంకో ప్రసిద్ధమైన బదులు 2ఎన్3906లో కాళ్ల వరస ఎమిటర్, బేస్, కలెక్టర్. దాన్ని తిప్పకుండా పెట్టినా ఇదే చిక్కు.

బీసీ557 తీసి, రెండు కాళ్లకు సన్నని గొట్టం తొడిగి, ఒకదానిపై ఒకటి దాటించి మళ్లీ పెట్టాం. ఇప్పుడు 0.66. తెరమీద బొమ్మ నిలబడింది. చిప్ నిక్షేపంలా ఉంది.

బొమ్మ నిలబడింది గాని పైభాగం కాస్త పక్కకు వంగి, కింది భాగం వెలిసిపోయినట్టు ఉంది. ఇక్కడ కెపాసిటర్ సంగతి చెప్పాలి. ఎమిటర్ దగ్గరున్న నిలకడ వోల్టేజిని ఆపి, మారే సంకేతాన్ని మాత్రమే బయటికి పంపడం దాని పని. చాలా పటాల్లో 220 మైక్రోఫారడ్లు ఉంటుంది. ఎందుకంత పెద్దది? కెపాసిటర్ ఏ పౌనఃపున్యానికి దిగువన సంకేతాన్ని కోసేస్తుందో తెలియాలంటే 1ని, 2πతో, నిరోధంతో, కెపాసిటీతో భాగించాలి. దారిలోని నిరోధం మొత్తం 150 ఓములు అనుకోండి. 220 మైక్రోఫారడ్లతో లెక్కవేస్తే సుమారు 4.8 హెర్ట్జ్ వస్తుంది. బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది కాబట్టి 4.8 దగ్గర కోత పడితే నష్టం లేదు. అదే 22 మైక్రోఫారడ్లు పెడితే 48 హెర్ట్జ్. ఇది 60కి మరీ దగ్గర. బొమ్మ పైనుంచి కిందికి వచ్చేలోపల వోల్టేజి జారిపోతుంది, దానితో పాటు సింక్ మట్టం కూడా. కుర్రాడు పెట్టింది సరిగ్గా 22. ఒక సున్నా పోయింది. మార్చేటప్పుడు ధనధ్రువం కాలు ఎమిటర్ వైపు ఉండేలా చూసుకోవాలి, వోల్టేజి ఎక్కువ ఉన్నది ఆ వైపే కదా.

బొమ్మ మరీ మసకగా ఉంటే భారం రెట్టింపైందేమో చూడండి. ఒకే సాకెట్ నుంచి చీలిక తీగతో రెండు టీవీలకు కలిపారనుకోండి. 75 ఓముల భారాలు రెండు సమాంతరంగా కలిసి 37.5 అవుతాయి. ఒక వోల్టు రావలసిన చోట 0.67 వస్తుంది. 0.3 ఉండవలసిన సింక్ 0.2కు పడిపోతుంది. కొన్ని టీవీలు ఓర్చుకుంటాయి, కొన్ని ఓర్చుకోవు. టీవీ లోపల ఒక భారం ఉందని తెలియక, సాకెట్ దగ్గర భూమికి మరో 75 ఓముల నిరోధం టంకం వేసిన వాళ్లు కూడా సరిగ్గా ఇదే స్థితికి వస్తారు.

ఇప్పుడు పాత టీవీలో బొమ్మ చక్కగా వచ్చింది, నలుపు తెలుపుల్లో. కుర్రాడి ముఖం మళ్లీ వాడిపోయింది. ఇది లోపమే కాదు. ఆ టీవీ మెనూలో రంగు పద్ధతి పాల్ అని పెట్టి ఉంది. టీవీ 4.43 తాళం కోసం వెతుకుతోంది, యంత్రం 3.58 ఇస్తోంది. మెనూలో ఎన్‌టీఎస్‌సీ 3.58 అని మార్చగానే రంగులొచ్చాయి. మన దగ్గరి చాలా టీవీల్లో ఈ సదుపాయం ఉంది. ఆటో అని పెడితే అవే గుర్తుపడతాయి. పాల్ మాత్రమే తెలిసిన బాగా పాత టీవీకి మాత్రం రంగు ఎప్పటికీ రాదు. ఫామికామ్‌లోని 21.47727 మెగాహెర్ట్జ్ స్ఫటికం తీసి పాల్ యంత్రాల్లో ఉండే 26.6 స్ఫటికం వేస్తే పాల్ అవుతుందని కొందరు నమ్ముతారు. కాదు. పాల్‌లో చాలు చాలుకూ రంగు సంకేతంలో ఒక భాగం తలకిందులు కావాలి. ఆ పని చేసే ఏర్పాటు ఈ చిప్‌లో లేదు, స్ఫటికం మార్చినంతలో పుట్టుకురాదు. అదనంగా ఆట వేగమూ చెడుతుంది.

కొత్త ఎల్‌సీడీ టీవీకి కలిపినప్పుడు మరో సంగతి బయటపడవచ్చు. ప్రమాణం ప్రకారం 525 చాళ్లను రెండు విడతలుగా, విడతకు 262న్నర చొప్పున పంపాలి. ఫామికామ్ ఆ సగం చాలును వదిలేసి, ప్రతిసారీ 262 చాళ్లే, ఉన్న చోటే మళ్లీ గీస్తుంది. చాళ్ల వేగం కూడా 15,734 కాక 15,746 దాకా ఉంటుంది. పిక్చర్ ట్యూబు దీన్ని లెక్కచేయదు. డిజిటల్ టీవీల్లో కొన్ని దీన్ని రెండు విడతల బొమ్మగా పొరబడి అంచుల్ని దువ్వెన పళ్లలా చూపిస్తాయి, కొన్ని ససేమిరా అంటాయి. పాత టీవీలో బాగుండి కొత్త టీవీలో రాకపోతే యంత్రం జోలికి పోవద్దు. పాత యంత్రాల సంకేతం తెలిసిన కన్వర్టర్‌ను మధ్యలో పెట్టుకోవడమే దారి. చౌకగా దొరికే హెచ్‌డీఎంఐ డబ్బాల్లో కొన్నింటికీ ఇదే తికమక ఉంటుంది.

చివరికి మిగిలినవి నిలువు చారలు. ఆకాశంలాంటి ఒకే రంగు విశాలంగా ఉన్నచోట, జైలు ఊచల్లా సన్నగా, సమాన దూరంలో కనిపిస్తాయి. చిప్ 21వ కాలి నుంచి పోయే పట్టీ బోర్డు మీద డిజిటల్ పట్టీల పక్కనుంచి పోతుంది. వాటి చప్పుడు దీనిలో పడుతుంది. ప్రతి చాలులోనూ ఆ చప్పుడు ఒకే చోట పడుతుంది గనుక అవన్నీ ఒకదాని కింద ఒకటి చేరి నిలువు గీతలవుతాయి. ఇది కాలిని బోర్డు నుంచి లేపి, అక్కడే పొట్టి తీగతో సంకేతం తీసుకుంటే తగ్గుతుంది. కాలిని లేపేటప్పుడు ఒక్కసారే వంచాలి. రెండు మూడుసార్లు అటూ ఇటూ వంచితే విరుగుతుంది, విరిగితే చిప్ కథ నిజంగానే ముగుస్తుంది. తీగను ధ్వని తీగకు దూరంగా నడపాలి, లేకపోతే బొమ్మ వెలుగు పెరిగినప్పుడల్లా స్పీకర్లో జుయ్యిమనే మోత వస్తుంది. గ్రౌండ్‌ను ట్రాన్సిస్టర్‌కు దగ్గర్లోనే తీసుకోవాలి.

కుర్రాడు కాలిని లేపలేదు, మొదట్లో బోర్డు అడుగున టంకం వేసి తీగ తీసుకున్నాడు. ఇప్పుడు లేపుదామా అని అడిగాడు. నేను వద్దన్నాను. మూడు మార్పులు చేశాం. ట్రాన్సిస్టర్ కాళ్లు, కెపాసిటర్, టీవీ మెనూ. ఒక్కొక్కటి మార్చి, ఒక్కొక్కసారి తెర చూసి, కాగితం మీద రాసుకుంటూ వచ్చాం. మూడూ ఒకేసారి మార్చి ఉంటే బొమ్మ వచ్చి ఉండేదేమో గాని ఏది దేనికి కారణమో తెలిసేది కాదు. చారలు అప్పటికి పల్చగా, దగ్గరికెళ్లి చూస్తే తప్ప కనబడనంతగా ఉన్నాయి. మంచి చిమటా, సన్నమొన ఐరన్ యోకోహామాలో అతని దగ్గర ఉన్నాయి. ఆ పని అక్కడ తీరిగ్గా చేసుకుంటానని, యంత్రాన్ని తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఇంకో యంత్రం కొనాలన్న మాట మళ్లీ ఎత్తలేదు.